లైసెన్సు గడువు, కంటిచూపు: పెద్దల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. లైసెన్సు శ్రీకాకుళంలో తీసుకున్నాను, ఉండేది పర్లాకిమిడిలో. గడువు తీరి నాలుగు నెలలైంది. మళ్లీ శ్రీకాకుళమే వెళ్లాలా? ఈలోగా పాతపట్నం వరకు కారు తీయొచ్చా?

జవాబు: శ్రీకాకుళం వెళ్లక్కర్లేదండి. మోటారు వాహనాల చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఏ లైసెన్సింగ్ అధికారైనా రెన్యూ చేయవచ్చు. లైసెన్సు పనులకున్న ప్రభుత్వ వెబ్‌సైటు సారథి పోర్టల్లో ఒడిశా ఎంచుకుని, రెన్యువల్‌తో పాటే చిరునామా మార్పూ పెట్టండి. ఆధార్‌లో పర్లాకిమిడి చిరునామా లేకపోతే ముందు అది సరిచేయించండి.

40 దాటినవారికి ఫారం 1ఎ తప్పనిసరి. ఇది రిజిస్టర్డ్ డాక్టరు ఇచ్చే వైద్య పత్రం. డాక్టరు సంతకం సగం మీ ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర కూడా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. మూర్ఛ, కళ్లు తిరగడం, గుండె జబ్బు గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. దాచిపెట్టి తెచ్చుకున్న పత్రం రోడ్డు మీద మిమ్మల్ని కాపాడదు.

కారు మాత్రం తీయకండి, పాతపట్నం పక్కనే ఉన్నా సరే. గడువు తీరాక 30 రోజులు చెల్లే పాత వెసులుబాటు 2019 సవరణతో పోయింది. రెన్యూ చేసిన తేదీ నుంచే కొత్త లైసెన్సు లెక్క, కాబట్టి మధ్యలో నడిపిన రోజులన్నీ లైసెన్సు లేనివే. పట్టుబడితే జరిమానా 5,000 రూపాయలు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మీ కారు నష్టానికి చేతులెత్తేయొచ్చు. గడువు తీరి ఏడాది దాటిందంటే డ్రైవింగ్ పరీక్ష మళ్లీ పాసవ్వాలి, అందుకే ఈ నెలలోనే పెట్టేయండి. 55 దాటినవారికి ఒక్కో రెన్యువల్ ఐదేళ్లకే.

ప్రశ్న: మావారికి 71. ఇన్సులిన్ తీసుకుంటారు. రాత్రి ఎదురు లైట్లకు కళ్లు చెదురుతున్నాయంటున్నారు, అయినా గుణుపురం నుంచి రాయగడ తనే నడుపుతానంటున్నారు. ఏం చేయాలమ్మా?

జవాబు: శుక్లం ముదురుతుంటే కంట్లోకొచ్చే వెలుతురు చెదిరిపోతుంది, లైటు చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కళ్లజోడు నంబరు మారిస్తే ఇది పోదు. కంటి డాక్టరు చూసి సరేననేవరకు రాత్రి డ్రైవింగ్ మాన్పించండమ్మా. ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేయొచ్చు: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన, అంటే మామూలు నడకలో సుమారు 35 అంగలు వేసి నిలబడి, కారు నంబరు ప్లేటు చదవమనండి. ఫారం 1ఎ అడిగే దూరం ఇదే. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చదివిస్తే ఏ కంట్లో లోపమో బయటపడుతుంది. రెండూ తెరిచి చదివితే మంచి కన్ను చెడ్డదాన్ని కప్పేస్తుంది. అద్దం లోపలివైపు పేరుకున్న జిడ్డు కూడా వెలుతురును చెదరగొడుతుంది, తుడిపించండి.

బయల్దేరే ముందు షుగరు చూడాలి. 90 కంటే తక్కువుంటే ఏదైనా తిన్నాకే స్టీరింగ్ పట్టాలి. దారిలో చెమటలు, వణుకు మొదలైతే బండి పక్కకు ఆపి మూడు చెంచాల పంచదార తినాలి. షుగరు మామూలు స్థాయికి వచ్చాక కూడా ముప్పావు గంట ఆగాలి, ఎందుకంటే మెదడు తేరుకునేది ఆలస్యంగానే.

ప్రశ్న: సొంత కారు నడపడానికి వయసు పరిమితి ఉందా?

జవాబు: చట్టంలో గరిష్ఠ వయసు లేదు. వైద్య పత్రంలో యోగ్యుడని రాస్తే రెన్యూ అవుతుంది.