ఫిజియోథెరపీ చదువుతూ మెషీన్ల మీద అప్పు చేయాలా?

ప్రశ్న: నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది ఏలూరు దగ్గర పల్లె. ఈ ఏడాది ఎలక్ట్రోథెరపీ (కరెంటు, వేడి, ధ్వని తరంగాల మెషీన్లతో చేసే చికిత్స) సబ్జెక్టు ఉంది. మేడమ్ ఇది చాలా ముఖ్యం అంటారు. సీనియర్లేమో ‘ఈ కరెంటు మెషీన్ల కాలం అయిపోయింది, పాసైతే చాలు’ అంటున్నారు. నాన్న మాత్రం కోర్సు అవ్వగానే అప్పు చేసైనా మెషీన్లన్నీ కొని, మండల కేంద్రంలో క్లినిక్ పెట్టిస్తానంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి విషయం. మెషీన్ల కోసం ఆయన్ని అప్పు చేయనివ్వకండి. ఎందుకు వద్దంటున్నానో మీరు ఆయనకు వివరించాలంటే ఆ మెషీన్లు ఏం చేయగలవో, ఏం చేయలేవో మీకు బాగా తెలియాలి.

మన ఊళ్లలో ఫిజియోథెరపీ అంటే ‘కరెంటు పెట్టడం’ అనే అభిప్రాయం బలంగా ఉంది. మోకాళ్ల నొప్పితో వచ్చిన పెద్దావిడ కూర్చుంటూనే ‘కరెంటు పెట్టమ్మా’ అంటుంది. పది రోజులు ఐఎఫ్‌టీ (నొప్పికి ఇచ్చే ఒక రకం కరెంటు) ప్యాడ్లు పెడతారు, అల్ట్రాసౌండ్ (స్కానింగ్ కాదు, నొప్పి ఉన్నచోటికి ధ్వని తరంగాలు పంపేది) తిప్పుతారు. కాస్త హాయిగా ఉంటుంది, ఇంటికి వెళ్తుంది. తొడ కండరానికి బలం రాలేదు కాబట్టి మెట్లెక్కేటప్పుడు నొప్పి మళ్లీ మొదలవుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో కీళ్ల అరుగుదలపై ఇచ్చిన సూచనల్లో వ్యాయామాన్ని ప్రధాన చికిత్సగా పెట్టింది. టెన్స్ (చర్మం మీద ప్యాడ్లతో నరాలకు సన్నని కరెంటు ఇచ్చేది), ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్ లాంటివి ఇవ్వొద్దంది, వాటితో మేలు జరుగుతుందనడానికి చాలినన్ని ఆధారాలు లేవని. నడుము నొప్పికి కూడా ఈ మూడూ, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టే చికిత్స) వద్దని అదే సంస్థ 2016లోనే చెప్పింది. ఇప్పుడు ఆలోచించండి: మీ క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి వాళ్లే. నాన్నగారి డబ్బంతా సరిగ్గా వాళ్ల విషయంలో అంతగా ఉపయోగపడని వస్తువుల మీదికి పోతుంది.

అయితే సీనియర్ల మాట నిజమేనా? సగమే. ‘పాసైతే చాలు’ అన్నది మాత్రం మీకు, మీ పేషెంట్లకు కూడా మంచిది కాదు.

మోకాలి లిగమెంట్ ఆపరేషన్ తర్వాత తొడ ముందు కండరం మాట వినదు. బిగించమంటే పేషెంటు ముఖం బిగుసుకుంటుంది గానీ కండరం బిగుసుకోదు. అలాంటప్పుడు వ్యాయామంతో పాటు కండరానికి కరెంటుతో స్టిమ్యులేషన్ ఇస్తే బలం త్వరగా తిరిగొస్తుందని మంచి ఆధారాలున్నాయి. పక్షవాతంలో పాదం వేలాడిపోయేవారికి నడకలో సరైన క్షణంలో స్టిమ్యులేషన్ ఇచ్చి పాదం పైకి లేపించవచ్చు. చేతివేళ్లు బిగుసుకుపోయినవారికి మైనం బాత్ ఇచ్చి, ఆ వెచ్చదనం పోకముందే వేళ్లు వంచే వ్యాయామాలు చేయిస్తే పని సులువవుతుంది. అమెరికా ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2014లో తన సభ్యులకు చెప్పింది కూడా ఇదే: పేషెంటు వ్యాయామంలో పాల్గొనడానికి తోడ్పడితేనే ఇలాంటివి వాడండి, లేకపోతే వద్దు. టెన్స్‌తో నొప్పి కొద్దిసేపు తగ్గింది అనుకోండి. ఆ కొద్దిసేపట్లో మీరు పేషెంటును లేపి నడిపించారా, లేక ప్యాడ్లు తీసి పంపేశారా అన్నదాన్ని బట్టే మీ పనితనం తెలుస్తుంది.

ఈ సబ్జెక్టును శ్రద్ధగా చదవమనడానికి ఇంతకన్నా పెద్ద కారణం భద్రత. దీని గురించి కాలేజీల్లో ఎంత చెప్పినా తక్కువే అని నా అభిప్రాయం. మన దగ్గర షుగర్ పేషెంట్లు ఎక్కువ. వాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గిపోయి ఉంటుంది. ‘వేడి ఎలా ఉందండీ’ అంటే ‘బాగానే ఉంది’ అంటారు, కింద చర్మం కాలుతున్నా వాళ్లకు తెలియదు. అందుకే వేడి, చల్లని నీళ్ల టెస్ట్ ట్యూబులతో స్పర్శ చూడకుండా హాట్‌ప్యాక్ కూడా పెట్టకూడదు. శరీరం లోపల వేడి పుట్టించే షార్ట్‌వేవ్ డయాథర్మీ 27.12 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. లోపల లోహం ఉంటే దాని చుట్టూ వేడి పోగవుతుంది. పేస్‌మేకర్ ఉన్నవారికి అది ప్రాణాపాయం. మెదడులో, వెన్నులో స్టిమ్యులేటర్ వైర్లు అమర్చినవారికి డయాథర్మీ ఇవ్వొద్దని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో ప్రత్యేకంగా హెచ్చరించింది. పేషెంటును ‘ఇంప్లాంట్ ఉందా’ అని అడిగితే లేదనే అంటారు. ‘ఎప్పుడైనా రాడ్ గానీ ప్లేట్ గానీ వేశారా? గుండెకు మెషీన్ పెట్టారా?’ అని అడగండి, అప్పుడు చెప్తారు. గర్భం ఉందేమో, క్యాన్సర్‌కి వైద్యం జరిగిందేమో అడగండి. ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ పేషెంటుకు ఏ మెషీనూ పెట్టకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపండి.

చదవడం ఎలా అంటారా? మీ బైపీసీ ఫిజిక్స్‌ను మళ్లీ తీయండి. ఐఎఫ్‌టీలో 4000, 4100 హెర్ట్జ్ కరెంట్లు కలిసి 100 హెర్ట్జ్ తరంగంగా పనిచేస్తాయి. ఇంటర్‌లో మీరు చదివిన బీట్స్ అవే. అల్ట్రాసౌండ్‌కి జెల్ ఎందుకంటే, మధ్యలో గాలి ఉంటే తరంగం దాదాపు మొత్తం వెనక్కి తిరిగొచ్చేస్తుంది. 3 మెగాహెర్ట్జ్ చర్మం కింద ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా పనిచేస్తే, 1 మెగాహెర్ట్జ్ ఇంకా లోతుకు వెళ్తుంది. ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే తీవ్రత నాలుగో వంతు అవుతుంది. 1965లో మెల్జాక్, వాల్ చెప్పిన గేట్ సిద్ధాంతం (స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు గేటు మూస్తాయన్నది) అర్థమైతే టెన్స్ ఎందుకు పనిచేస్తుందో, దెబ్బ తగిలిన చోట మనం చెయ్యి పెట్టి ఎందుకు రుద్దుకుంటామో కూడా తెలుస్తుంది. ఇలా చదివితే వైవాలో ఏమడిగినా భయం ఉండదు.

ఇక ఉద్యోగాలు. ఐసీయూలో ఊపిరితిత్తుల ఫిజియో, న్యూరో రిహాబ్, పిల్లల విభాగం, స్పోర్ట్స్, ఇళ్లకు వెళ్లి చేసే పక్షవాతం కేసులు... వీటిలో చాలావాటికి కావలసింది పరీక్షించే కన్ను, పని తెలిసిన చేతులు. ఇంటర్న్‌షిప్‌లో ఐసీయూ, న్యూరో పోస్టింగులు అడిగి మరీ వేయించుకోండి. అది అయ్యాక కనీసం రెండేళ్లు ఎక్కువ కేసులు చూసే ఆసుపత్రిలో చేయండి, జీతం తక్కువైనా సరే. అమెరికా ఆలోచన ఉంటే అక్కడి లైసెన్స్ పరీక్ష ఎన్‌పీటీఈలో కూడా మోడాలిటీలకు (ఇలాంటి మెషీన్ చికిత్సలకు) దక్కేది చిన్న వాటాయే; ఎక్కువ ప్రశ్నలు పరీక్షించడం, చికిత్స నిర్ణయించడం మీదే.

ఆ తర్వాత క్లినిక్ పెట్టండి, మంచి ఆలోచనే. మండల కేంద్రాల్లో ఫిజియోల అవసరం చాలా ఉంది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ చట్టం కింద మీ పేరు నమోదు చేయించుకోండి, క్లినిక్ అనుమతుల గురించి జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో కనుక్కోండి. నాన్నగారు దాచిన డబ్బుతో ముందు గట్టి ట్రీట్‌మెంట్ మంచం, గోనియోమీటర్ (కీలు ఎంత వంగుతుందో కొలిచేది), బీపీ మెషీన్, పల్స్ ఆక్సీమీటర్, థెరాబ్యాండ్లు (వ్యాయామానికి వాడే సాగే పట్టీలు), వెయిట్ కఫ్‌లు (కాలికి, చేతికి కట్టే బరువులు), గోడకు పెద్ద అద్దం కొనండి. చిన్న టెన్స్, కండరాల స్టిమ్యులేటర్ ఒక్కోటి చాలు. అల్ట్రాసౌండ్ సంగతి ఏడాది తర్వాత, అప్పటికి ఎలాంటి కేసులు వస్తున్నాయో చూసి నిర్ణయించుకోండి. డయాథర్మీ మెషీన్ ఆ లిస్టులో ఇప్పుడే రాయకండి.