ట్రాజన్ వెండి నాణెం మీది అక్షరాలు: జవాబు

రోమన్ చక్రవర్తి ట్రాజన్ నాటి మీ వెండి నాణెం మీద ఏం రాసుందని అడిగారు. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలన్నీ కలిపి ట్రాన్స్‌లేషన్ యాప్‌లో కొట్టారు, అందుకే అర్థంపర్థం లేనిది వచ్చింది. అవి చాలావరకు బిరుదుల పొడి అక్షరాలు. మధ్యలో చుక్కలుండవు, ఖాళీలు కూడా సరిగ్గా ఉండవు.

1. గడియారంలో ఏడు ఉండే చోట మొదలుపెట్టి కుడిచుట్టుగా చదవండి.

2. ‘వి’ కనిపిస్తే ‘యు’ కూడా కావచ్చు. ఏవిజి అంటే ఆగస్టస్, చక్రవర్తి బిరుదు.

3. మీరు రాసిన వరసను ఇలా విడగొట్టండి:
ఐఎంపి – ఇంపరేటర్ (సేనాధిపతి, చక్రవర్తి బిరుదు)
ట్రయానో – ట్రాజన్‌కు
ఏవిజి – ఆగస్టస్
జిఈఆర్, డిఏసి – జర్మన్లను, డేసియన్లను (నేటి రొమేనియా ప్రాంతం వారు) గెలిచిన బిరుదులు
పిఎం – ప్రధాన పూజారి
టిఆర్‌పి – ట్రిబ్యూన్ (ప్రజల తరఫు అధికారి) అధికారం
సిఓఎస్ వి – కాన్సల్ (రోమ్‌లో ఉన్నత పదవి), ఐదోసారి
పిపి – దేశపిత

4. చాలామంది వదిలేసేది సిఓఎస్ పక్కనున్న ఆ ‘వి’నే. అది అక్షరం కాదు, రోమన్ అంకె ఐదు. నాణెం వయసు చెప్పేది అదే. ట్రాజన్ ఐదోసారి కాన్సల్ అయింది క్రీ.శ. 103లో, ఆరోసారి 112లో. అంటే మీది 103–111 మధ్యది. కానీ ‘వి’ తర్వాత సన్నటి నిలువు గీత ఉందేమో భూతద్దంతో చూడండి. ఉంటే అది ఆరు, నాణెం 112 లేదా ఆ తర్వాతది. అరిగిన నాణేల్లో ముందు పోయేది ఇలాంటి గీతలే, ఏటవాలు వెలుతురులో తిప్పి చూస్తే జాడ దొరుకుతుంది.

5. ‘ట్రాజన్‌కు’ అని ఆగిపోయిందేమిటని కంగారు పడకండి. మాట వెనకవైపు పూర్తవుతుంది: ఎస్‌పిక్యూఆర్ ఆప్టిమో ప్రిన్సిపి, అంటే ఉత్తమ పాలకుడికి రోమ్ సెనేటూ (పెద్దల సభ) ప్రజలూ.