ఇంగ్లీషు పదం వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూడండి

నిర్వచనాలన్నీ కంఠస్థం చేసినా, వాక్యం ఎదురుగా పెట్టుకుంటే ఏది క్రియో, ఏది నామవాచకమో, ఏది విశేషణమో తేల్చుకోలేకపోతున్నాననీ, ఒకే పదాన్ని ఒకచోట నామవాచకమనీ మరోచోట క్రియ అనీ చెబుతుంటే అయోమయంగా ఉందనీ మీరు అడిగారు. నేను కూడా చాలా ఏళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను కనుక, నాకు దారి దొరికిన తీరు చెబుతాను.

పేరును తెలిపేది నామవాచకం, పనిని తెలిపేది క్రియ అని నేర్చుకున్న నేను, నాశనం చేయడం పనే కదా అని ‘డిస్ట్రక్షన్’ను క్రియగా గుర్తించాను. అది నామవాచకం. ‘నో’ అంటే తెలిసి ఉండటం. అందులో చేసే పని ఏమీ లేకపోయినా అది క్రియే. అర్థం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇలాంటి పదాల దగ్గర తప్పకుండా పొరబడతాం.

తెలుగులో పదం తన జాతిని చాలావరకు చివరి అక్షరాల్లోనే చెప్పేస్తుంది. ‘నీరు’ నీటిని, నీటితో, నీటిలో అని విభక్తులు తగిలించుకుంటుంది. ‘తడుపు’ తడిపాను, తడిపావు, తడిపింది అని కర్తను బట్టి మారుతుంది. ఇంగ్లీషులో ఆ సౌకర్యం తక్కువ కాబట్టి, పదం ఉన్న చోటును చూడాలి. ‘ద వాటర్ ఈజ్ కోల్డ్’ అన్న వాక్యంలో ‘వాటర్’కు ముందు ‘ద’ ఉంది, అది నామవాచకం. ‘ఐ వాటర్ ద ప్లాంట్స్’ అన్నప్పుడు అదే పదం కర్త వెనుక నిలబడింది. నిన్నటి సంగతిగా చెప్పబోతే ‘వాటర్డ్’ అని మారుతుంది, కనుక క్రియ. వాక్యాన్ని నిన్నటికి జరిపి, ఏ పదం మారుతుందో చూడటం నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన పరీక్ష.

అయితే మనకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. ఒకసారి ఒక దరఖాస్తులో ‘ఐ సక్సెస్డ్’ అని రాశాను. చదివిన ఉపాధ్యాయుడు ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఇచ్చారు. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే, రోజూ మాట్లాడే తెలుగులోనే కారణం కనిపించింది. సక్సెస్ అయ్యాను, ప్రిపేర్ అయ్యాను, హ్యాపీ అయ్యాను అంటాం. వీటిలో మొదటిది నామవాచకం, రెండోది క్రియ, మూడోది విశేషణం. మన ‘అయ్యాను’ మూడింటినీ ఒకే తీరుగా కలుపుకుపోవడం వల్ల వాటి మధ్య తేడా మన చెవికి అందదు. అప్పటి నుంచి అలాంటి మాట నోట్లో నుంచి వచ్చినప్పుడల్లా దాన్ని పూర్తి ఇంగ్లీషు వాక్యంగా నోటుపుస్తకంలో రాసుకున్నాను: ‘ఐ సక్సీడెడ్’, ‘ఐ ప్రిపేర్డ్’, ‘ఐ వజ్ హ్యాపీ’. మూడు వాక్యాల నిర్మాణం ఎలా వేరుపడిందో చూడండి. కొన్ని నెలలు ఇలా రాస్తే చెవి దానంతట అదే మేలుకుంటుంది.

ఆ మూడో వాక్యంలోని ‘వజ్’ను చాలామంది క్రియగా లెక్కించరు. ‘ఆమె తెలివైనది’ అనే తెలుగు వాక్యంలో క్రియాపదం లేకపోయినా లోటు అనిపించదు కనుక, ఇంగ్లీషులోనూ ‘ఈజ్’ను వదిలేస్తాం. అక్కడ క్రియ అదే.

విశేషణానికి ముందు సాధారణంగా ‘వెరీ’ చేర్చవచ్చు. విశేషణం నామవాచకానికి ముందైనా, ‘సీమ్స్’ వంటి క్రియ తరువాతైనా ఇముడుతుంది. ‘ఎ స్టోన్ వాల్’లో ‘స్టోన్’ గోడ ఎలాంటిదో చెబుతున్నా ‘వెరీ స్టోన్’ అనలేం, అది నామవాచకమే. ‘మెయిన్’ వంటి కొన్ని విశేషణాలు ‘వెరీ’ని ఒప్పుకోవు కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకండి. ‘ఇంగ్’తో ముగిసే మాటలకూ ఇదే పద్ధతి: ‘షి ఈజ్ స్విమ్మింగ్’లో క్రియ, ‘స్విమ్మింగ్ ఈజ్ ఈజీ’లో కర్త స్థానంలో ఉన్న నామవాచకం, ‘ఎ వెరీ బోరింగ్ లెసన్’లో విశేషణం.

ఇక ‘ద ఓల్డ్ మ్యాన్ ద బోట్స్’ అనే వాక్యాన్ని తీసుకోండి. ముసలివాడు అని మొదలుపెడితే చివర్లో ‘ద బోట్స్’కు చోటు దొరకదు. నిన్నటికి జరపండి: ‘ద ఓల్డ్ మ్యాన్డ్ ద బోట్స్’. మారింది ‘మ్యాన్’ కాబట్టి ఇక్కడ క్రియ అదే, పడవల్లో సిబ్బందిగా ఉండి పనిచేయడం దాని అర్థం. ‘ఓల్డ్’ అనే విశేషణం ‘ద’ తోడుతో నామవాచకం చోట కూర్చుని ముసలివాళ్లు అనే అర్థాన్నిచ్చింది.