రోజుకో బడికి వెళ్లే టీచరుకు కుర్చీ ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి స్పెషల్ బీఎడ్ (వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల కోర్సు) చేస్తానంటోంది. ఐఈఆర్పీ (అలాంటి పిల్లల కోసం బడులకు తిరిగే రిసోర్స్ టీచర్) అయితే మండలమంతా తిరగాలని, ఏ బడిలోనూ సొంత స్టాఫ్‌లా చూడరని అంటున్నారు. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: తిరగడం నిజమే. ఈ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో కొన్ని రోజులు, బడుల్లో కొన్ని రోజులు, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు మరికొన్ని రోజులు. పైగా సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద కాంట్రాక్టు కొలువు. అయితే దారి అదొక్కటే కాదు. తెలంగాణ 2024 డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టులు ఇచ్చారు. ఎస్జీటీకి స్పెషల్ డీఎడ్, స్కూల్ అసిస్టెంట్‌కు స్పెషల్ బీఎడ్ ఉండాలి. టెట్ కూడా రాసి ఉంచుకోవాలి.

ఫీజు కట్టే ముందు ఒక్క పని చేయండి. ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఈ విద్యా సంవత్సరానికి ఆర్సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉందా అని ఆర్సీఐ వెబ్‌సైట్‌లోనే చూడండి, బ్రోచర్‌ను నమ్మొద్దు. గుర్తింపు లేని చోట చదివితే సీఆర్ఆర్ నంబరు, అంటే ఆర్సీఐ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, రాదు. ఆ నంబరు లేకుంటే చేసిన చదువు చెల్లదు.

ఇక సొంత స్టాఫ్ సంగతి. ఎక్కువగా చెడేది ఇక్కడే: టీచర్ ఎవరైనా సెలవు పెడితే హెచ్‌ఎం "మేడం, ఆ క్లాసు చూడండి" అంటారు. మొహమాటానికి ఒప్పుకుంటే నెల తిరిగేసరికి ఆమె ఖాళీ పీరియడ్లు నింపే మనిషి అవుతుంది, వైకల్యం ఉన్న పిల్లాడికి దక్కాల్సిన గంట పోతుంది. అందుకే జూన్‌లోనే ఏ బడికి వారంలో ఏ రోజో రాసి, ఎంఈవో (మండల విద్యాధికారి) సంతకంతో ప్రతి హెచ్‌ఎంకూ ఒక కాపీ ఇవ్వాలి. మంగళవారం దుగ్గొండి అంటే ప్రతి మంగళవారమూ దుగ్గొండే. రోజు మారుతూ పోతే చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది.

రెండో తప్పు, పిల్లాడిని ఎప్పుడూ పక్క గదికి తీసుకుపోవడం. అప్పుడు క్లాస్ టీచర్ "వాడు మీ పిల్లాడు కదా మేడం" అంటారు. సగం సమయమైనా తరగతిలోనే, ఆ టీచర్ పక్కనే కూర్చుని చెప్పాలి. ఐఈపీ (ఆ ఒక్క పిల్లాడి కోసం రాసుకునే బోధన ప్రణాళిక) కాపీ ఒకటి ఆ టీచర్ దగ్గర ఉండాలి, అందులో ఆ టీచర్ చేయాల్సిన పని ఒక్కటైనా రాయాలి. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్ ఎగ్గొట్టకూడదు. తోటి టీచర్లు ఆమెను తమలో ఒకరిగా లెక్కేసేది అక్కడే.

ఇళ్లకు వెళ్లే రోజుల్లో, పత్తి ఏరే కాలంలో పొద్దున ఎనిమిదిలోపే చేరాలి. తర్వాత తల్లి చేనుకు పోతుంది, వ్యాయామం నేర్పడానికి ఇంట్లో ఎవరూ దొరకరు. మహిళలకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమాని పల్లెవెలుగు టికెట్ ఖర్చు లేదు, కానీ పొద్దున్నే బస్సులేని ఊళ్లకు బండి నేర్చుకోక తప్పదు.