1971 నాటి టీ-55 మోడల్: ముందు బ్యారెల్ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: ఉండేది విశాఖలో. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో, జమ్మూ వైపు సరిహద్దులోని ఛంబ్‌లో పోరాడిన మన టీ-55 ట్యాంకుని 1/35 స్కేలులో చేద్దామనుకుంటున్నాను. టామియా కంపెనీ టీ-55ఏ కిట్ చేతిలో ఉంది. ఊళ్లలో స్మారకంగా నిలబెట్టిన టీ-55ల ఫోటోలు చూసి చేసేస్తే సరిపోతుందా? ఇంకో ఇబ్బంది, స్ప్రే చేసిన రంగు ఆరేసరికి తెల్లగా మంచు పట్టినట్టు అయిపోతోంది.

జవాబు: సరిపోదండి. మన టీ-55లలో చాలావాటికి తర్వాతి కాలంలో 100 మి.మీ. గన్ తీసేసి 105 మి.మీ. గన్ బిగించారు. మీరు ఫోటోల్లో చూసినవి ఆ రకమే కావచ్చు. తేడా బ్యారెల్ మీదే కనిపిస్తుంది. కాల్చాక గొట్టంలో మిగిలే పొగను బయటికి లాగే డబ్బా ఒకటుంటుంది. అసలు 100 మి.మీ. గన్‌కి అది మూతి దగ్గర ఉంటుంది, 105కి బ్యారెల్ మధ్య భాగంలో ఉంటుంది.

1971 ట్యాంకు దగ్గర చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పాకిస్తాన్ దగ్గరున్న చైనా టైప్ 59 అచ్చం టీ-54 నకలు. దుమ్ములో, దూరం నుంచి చూస్తే ఏది మనదో ఏది వాళ్లదో తెలియదు. అందుకే మనవాళ్లు టీ-54, టీ-55ల బ్యారెల్ మధ్యలో ఉత్తుత్తి డబ్బా ఒకటి తొడిగారు, దూరానికి మన దగ్గరే ఉన్న బ్రిటిష్ ట్యాంకు సెంచూరియన్ గన్‌లా కనబడాలని. అసలుది పనిచేసే భాగం, మూతి దగ్గర దాని చోటులో అదుంటుంది. అంటే మీ మోడల్ బ్యారెల్‌కి రెండు ఉబ్బులు రావాలి. మధ్యలో ఒక్కటే పెడితే అది 105 అయి కూర్చుంటుంది.

రెండో విషయం రెజిమెంట్. ఛంబ్‌లో 72 ఆర్మర్డ్ రెజిమెంట్‌కి టీ-55లు, దక్కన్ హార్స్‌కి టీ-54లు ఉన్నాయి. (దక్కన్ హార్స్ పాత హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి వచ్చిన రెజిమెంటే. అది చేయాలని మనసు లాగితే టీ-54 కిట్ కొనుక్కోండి, టీ-55ని సాగదీయొద్దు.) టీ-54 టరెట్ (గన్ ఉండే, తిరిగే పైభాగం) కప్పు మీద కుడివైపు ముందు భాగంలో పుట్టగొడుగులాంటి వెంటిలేటర్ గుబ్బ ఉంటుంది, టీ-55కి ఉండదు. ఫోటో కింద ఎవరు ఏం రాసినా సరే, గుబ్బ ఉందో లేదో చూసి మీరే తేల్చుకోండి.

మీ కిట్ టీ-55ఏ. మామూలు టీ-55కి ముందు పలక మధ్యలో డ్రైవర్ కాల్చే మెషిన్ గన్ కోసం చిన్న రంధ్రం ఉంటుంది, టీ-55ఏలో అది తీసేశారు. 0.5 మి.మీ. డ్రిల్ బిట్‌ని పిన్ వైజ్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి) పెట్టి చేత్తో తిప్పి వేయండి. మోటారు డ్రిల్ వాడితే ప్లాస్టిక్ కరిగి అంచు ఉబ్బుతుంది. టీ-55ఏ హ్యాచ్ (సైనికులు ఎక్కి దిగే ద్వారం) మూతలు లోపలి రేడియేషన్ లైనింగ్ వల్ల మందంగా ఉంటాయి, వాటిని అరగదీసి పలచన చేయాలి. పైన విమానాల మీద కాల్చే పెద్ద మెషిన్ గన్‌ని తొలి టీ-55లలో తీసేశారు, తర్వాత మళ్లీ పెట్టారు. మీ ఫోటోలో కనబడితేనే పెట్టండి.

ఇక ఉత్తుత్తి డబ్బా. కొలతల కోసం పుస్తకాలు వెతకక్కర్లేదు, పూర్తిగా పక్క నుంచి తీసిన ఫోటో ఒకటి చాలు. అందులో టరెట్ నుంచి మూతి వరకు ఉన్న పొడవును 100 అనుకుని, డబ్బా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లెక్కగట్టి మీ బ్యారెల్ మీద పెన్సిలుతో గీయండి. 0.13 మి.మీ. మందం ప్లాస్టిక్ షీటును పట్టీగా కోసి చుట్టండి. ఒక్కో చుట్టుకి వ్యాసం 0.26 మి.మీ. పెరుగుతుంది. 4 మి.మీ. గొట్టాన్ని 6 మి.మీ. చేయాలంటే దాదాపు 8 చుట్లు, అంటే 126 మి.మీ. పట్టీ కావాలి. మొదటి అంచును జిగురుతో అంటించి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద చుడితే పట్టీ పక్కకి జారి డబ్బా శంకువులా తయారవుతుంది. జిగురు ఎక్కువైతే అడుగున ఉన్న బ్యారెల్ మెత్తబడి వంగుతుంది కూడా. ఒక రోజు ఆగి పుట్టీ వేసి, 400 తర్వాత 800 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. మూతి రంధ్రం 100 మి.మీ.కి 2.9 మి.మీ. రావాలి.

టరెట్ పోత పోసినది కాబట్టి నున్నగా ఉండకూడదు. పుట్టీని థిన్నర్‌లో పెరుగంత పలచన చేసి, గట్టి బ్రష్‌తో నిలువుగా పొడవండి, ఆరాక పైపైన రుద్దండి. కప్పు పలకలు మాత్రం అతికిన చదును రేకులు, వాటి మీద గరుకు వేయొద్దు.

చక్రాల దగ్గర కిట్ చెప్పినట్టు చేసుకుపోండి. మొదటి రెండు చక్రాల మధ్య ఖాళీ ఎక్కువ కనబడితే పొరపాటు కాదు, అది ఈ ట్యాంకు ముద్ర. ట్రాక్ మాత్రం పైన బిగుసుకుని నిలబడకూడదు. పైన ఆనించే రోలర్లు దీనికి లేవు, కాబట్టి మధ్య చక్రాల నెత్తిన వాలి ఉండాలి. బెల్టు ట్రాక్ అయితే మధ్య మూడు చక్రాల దగ్గర ఒక్కో చుక్క ఫెవిక్విక్ వేసి, దూది కుక్కి గంటసేపు నొక్కి ఉంచండి. విడి లింకుల సెట్టు కొంటే వైపుకి సుమారు 90 పడతాయి.

రంగు తెల్లబడటానికి కారణం మన గాలి. లాకర్ థిన్నర్ గబుక్కున ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, సముద్రపు గాలిలోని తేమ అక్కడ నీరై రంగులో చిక్కుకుపోతుంది. వర్షాకాలంలో సాయంత్రాలు స్ప్రే జోలికే వెళ్లకండి. ఎండెక్కాక, పది దాటాక, గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ 65 శాతం లోపు చూపించినప్పుడు చేయండి. కంప్రెసర్ గొట్టానికి నీటి ఫిల్టర్ ఉండాలి, ప్రతి పావుగంటకి దాన్ని ఖాళీ చేయాలి. థిన్నర్‌లో పదో వంతు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలపండి. 0.3 మి.మీ. నాజిల్, 15–20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి, రంగు ఒక పాలు, థిన్నర్ ఒకటిన్నర పాళ్లు. ఇప్పటికే తెల్లబడినదాని మీద రిటార్డర్ కలిపిన థిన్నర్ ఒక్కటే పలచగా కొడితే చాలావరకు పోతుంది. ఆటో రంగుల షాపులో అమ్మే ఎన్‌సీ థిన్నర్‌ని ఎయిర్‌బ్రష్ కడగడానికి మాత్రమే వాడండి, మోడల్ మీద పడితే రివెట్లు కరిగిపోతాయి.

టామియా ఎక్స్‌ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్ నేరుగా కొడితే ఇంత చిన్న బొమ్మ మీద నల్లగా కనిపిస్తుంది. ఐదో వంతు బఫ్ (లేత గోధుమరంగు) కలపండి. నంబర్లు వేసేముందు గ్లాసీ కోటు తప్పనిసరి, లేకపోతే డెకాల్ (నీటిలో తడిపి అంటించే నంబరు బొమ్మ) కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. మన సైనిక వాహనాల నంబర్లో పైకి చూపే బాణం గుర్తు, దాని పక్కన కొన్న సంవత్సరపు రెండంకెలు ఉంటాయి. 1971 ట్యాంకు మీద 75 అనే అంకె వేసేసిన మోడళ్లూ లేకపోలేదు!

మట్టి కోసం భీమిలి ఎర్రమట్టి దిబ్బల వైపు చూడకండి. అది రక్షిత ప్రాంతం, అక్కడి మట్టి తవ్వకూడదు, పైగా ఆ ఎరుపు ఛంబ్‌ది కాదు. ఛంబ్ దగ్గర మునవర్ తవి నది ఒడ్డున ఉన్నది బూడిద కలిసిన లేత గోధుమరంగు దుమ్ము. బీచ్ ఇసుక కూడా పనికిరాదు. అర మిల్లీమీటరు రేణువు ఈ స్కేలులో 17.5 మి.మీ. రాయి అవుతుంది, అందులోని ఉప్పు తేమ లాగి నెలల తర్వాత రంగు లేపేస్తుంది. స్టేషనరీ షాపులో సాఫ్ట్ పేస్టల్ ముక్కలు బూడిద, గోధుమ, తెలుపు రంగులవి కొని, వాటర్ పేపర్ మీద రుద్ది పొడి చేసుకోండి. పొడి బ్రష్‌తో చక్రాలకి, ఫెండర్ల మీద వేయండి, టరెట్ పైకి బాగా తగ్గించండి. పొడి వేశాక మ్యాట్ వార్నిష్ దగ్గర నుంచి కొడితే దుమ్మంతా మాయమవుతుంది. 30 సెం.మీ. దూరం నుంచి రెండు పలచని పొరలు చాలు.