పాఠకుల ప్రశ్నలు: రైలు కట్ట కింద నేల కదలికను ఫైబర్ కేబుల్ చెప్పగలదా?

ప్రశ్న (మహబూబాబాద్ జిల్లా పాఠకుడు): 2024 సెప్టెంబరు 1న మా జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. పట్టాల పక్కన పాతిన ఫైబర్ కేబుల్‌తోనే నేల కదలికను పసిగట్టవచ్చని ఈమధ్య చదివాను. ఇది నిజమేనా? అక్కడ ఉపయోగపడేదా?

సమాధానం: సూత్రరీత్యా నిజమే. సిగ్నల్ వ్యవస్థకు కట్ట సంగతి తెలియదన్నది చాలామంది గమనించని విషయం. సెక్షన్‌లో రైలు ఉన్నదా లేదా అన్నంతవరకే పట్టాల్లో విద్యుత్తు పారించే ట్రాక్ సర్క్యూట్ గానీ చక్రాలను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్ గానీ చూస్తాయి. పట్టా విరిగితే ట్రాక్ సర్క్యూట్ చాలా సందర్భాల్లో పట్టుకుంటుంది. పట్టాలు తెగకుండా కింది మట్టి, కంకర మాత్రమే కొట్టుకుపోతే రెండింటి లెక్కలోనూ దారి సవ్యంగానే ఉన్నట్టు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర వరద కోసేసిన కట్ట మీదికి రేపల్లె–సికింద్రాబాద్ డెల్టా ప్యాసింజరు వెళ్ళి వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నేలను నేరుగా గమనించే పద్ధతి కావాలనడానికి అంతకంటె కారణం అక్కరలేదు.

పని తీరు ఇది. స్టేషన్‌లో ఉంచిన యంత్రం కేబుల్‌లోని ఒక గాజు పోగులోకి లేజర్ కాంతిని అతి చిన్న తునకలుగా పంపుతుంది. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. గాజులో సహజంగా ఉండే సూక్ష్మమైన హెచ్చుతగ్గుల వల్ల దారి పొడవునా కొద్దిపాటి కాంతి వెనక్కి చెదురుతూ ఉంటుంది. 1 కిలోమీటరు దూరంలో చెదిరినది 10 మైక్రోసెకన్లకు, 50 కిలోమీటర్ల దూరంలో చెదిరినది 500 మైక్రోసెకన్లకు తిరిగి వస్తుంది కాబట్టి, వచ్చిన సమయాన్ని బట్టి అది ఏ చోటిదో తెలుస్తుంది. నేల అదిరితే ఆ చోట పోగు అణుమాత్రంగా సాగుతుంది, తిరిగివచ్చే కాంతి దశ మారుతుంది. 50 కిలోమీటర్ల పోగును ఇలా సెకనుకు గరిష్ఠంగా 2,000 సార్లు పరిశీలించవచ్చు. సుమారు ప్రతి 10 మీటర్లకూ ఒక మైకు అమర్చినంత ఫలితం దక్కుతుంది. మన దేశంలో ఈశాన్య సరిహద్దు రైల్వే జోన్, పట్టాల వైపు వచ్చే ఏనుగుల అడుగుల అదురును ఇదే పద్ధతిలో పట్టి హెచ్చరిస్తోంది. ఆ వ్యవస్థకు గజరాజ్ అని పేరు. రైల్వే శాఖ టెలికం సంస్థ అయిన రైల్‌టెల్‌కు పట్టాల వెంట 60 వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ ఉంది గనుక తీగ కొరత లేదు.

అయినా కేసముద్రం వంటి చోట ఫైబర్‌కు నేను రెండో స్థానమే ఇస్తాను. నీరు కట్ట మీదుగా పొర్లడం, కంకర జారడం మొదలైనప్పుడే పోగుకు అదురు వినిపిస్తుంది. అప్పటికి మిగిలేది కొద్ది సమయం. అంతకు ముందే చెప్పగలిగేది ఎగువనున్న చెరువు. పొంగినా, గండి పడినా రైలు కట్టకు ముప్పు తెచ్చే చెరువుల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది, వానాకాలానికి ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని తనిఖీ చేయాలన్న నియమమూ ఉంది. ఆ చెరువుల్లో నీటిమట్టాన్ని కొలిచే పరికరం, దగ్గర్లో ఒక వర్షమాపకం ఉంటే గంటల ముందు హెచ్చరిక అందుతుంది. ఫైబర్ దానికి తోడుగా ఉండాలి.

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక ఉపాధ్యాయురాలు): మా ప్రాంతంలో నల్లరేగడి మీద వేసిన కట్ట ప్రతి వానాకాలం తర్వాత కుంగుతుంది, మళ్ళీ కంకర పోస్తారు. ఇంత నెమ్మదిగా జరిగే కుంగుబాటును పాత కేబుల్ కనిపెడుతుందా?

సమాధానం: కనిపెట్టదు. ఈ రంగంలో అమ్మకందార్లు చెప్పకుండా దాటేసే విషయం ఇదేనని నా అనుభవం. టెలిఫోను కేబుల్‌ను తయారుచేసేటప్పుడే పోగు మీద లాగుడు పడకుండా చూస్తారు. జెల్లీ లాంటి పదార్థం నింపిన గొట్టంలో పోగు కాస్త వదులుగా, గొట్టం కంటె కొంచెం ఎక్కువ పొడవుతో ఉంటుంది. అనేక చోట్ల ఆ కేబుల్ మొత్తం మళ్ళీ ఒక ప్లాస్టిక్ పైపులో దూరి ఉంటుంది. నేల కొద్ది మిల్లీమీటర్లు కుంగితే పైపు వంగుతుంది, లోపలి పోగు జారి సర్దుకుంటుంది, యంత్రానికి ఏమీ తెలియదు. పైగా అదురును వినే పద్ధతి క్షణక్షణం వచ్చే మార్పును కొలుస్తుందే తప్ప నెలల తరబడి పోగుపడే మార్పును నమ్మకంగా కొలవలేదు.

నెమ్మది కదలికకు వేరే పద్ధతి ఉంది. వెనక్కి చెదిరే కాంతిలో రేలీ, రామన్, బ్రిల్లూయిన్ అనే శాస్త్రవేత్తల పేర్లతో పిలిచే మూడు రకాలున్నాయి. మొదటిది అదురుకు, రెండోది ఉష్ణోగ్రతకు వాడతారు. మూడోదాని పౌనఃపున్యం పోగు సాగినప్పుడు, వేడెక్కినప్పుడు కూడా మారుతుంది. చిక్కు అక్కడే ఉంది: 1 డిగ్రీ సెల్సియస్ తేడా వచ్చినా సుమారు 20 మైక్రోస్ట్రెయిన్, అంటే మీటరుకు ఒక మిల్లీమీటరులో 50వ వంతు సాగినట్టే కనిపిస్తుంది. మన ఎండలకు మీటరు లోతున కూడా వేసవికీ చలికాలానికీ ఉష్ణోగ్రత మారుతుంది కనుక, పోగును పూతతో గట్టిగా బిగించిన సాగుడు కేబుల్ ఒకటి, దాని పక్కనే కేవలం వేడిని చెప్పే వదులు కేబుల్ ఒకటి వేసి, రెండో లెక్కను మొదటిదాని నుంచి తీసివేస్తారు. మొదటి కేబుల్ చుట్టూ మట్టిని బాగా దిమ్మెస కొట్టకపోతే ఈ ఖర్చంతా వృథా.

నల్లరేగడి వాన పడితే ఉబ్బి, ఎండకు పగుళ్ళిచ్చి కుంచించుకుపోతుంది. మెత్తబడిన మట్టిలోకి కంకర దిగబడి గుంటలవుతుంది, వాటిలో నీరు నిలిచి మరింత మెత్తబడుతుంది. ఇలాంటి చోట్లు సెక్షన్ ఇంజనీర్లకు కిలోమీటరు నంబర్లతో సహా తెలుసు. ఆ కొన్ని వందల మీటర్లలో, కట్టను ఎలాగూ తవ్వి బాగుచేసేటప్పుడు కొత్త కేబుల్ వేయడం సమంజసం. లైను మొత్తానికీ వేయాలనడం దుబారా.

అయితే ముప్పున్న చోటు ముందుగా తెలియకపోతే ఏమవుతుందో ఫ్రాన్సు అనుభవం చెబుతుంది. 1993 డిసెంబరు 21న ఉత్తర ఫ్రాన్సులో సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న టీజీవీ అనే అతివేగ రైలు పట్టాలు తప్పింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తవ్విన సొరంగం ఒకటి భారీ వర్షాల తర్వాత పట్టాల కింద కూలి గొయ్యి పడటమే కారణం. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. ఆ సొరంగం లైను వేసేటప్పుడు బయటపడలేదు.

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక టెలికం సాంకేతిక ఉద్యోగి): కేబుల్ పొడవూ రైలు కిలోమీటరూ ఒకటి కావు కదా. హెచ్చరిక వస్తే చోటును ఎలా చెబుతారు?

సమాధానం: మంచి ప్రశ్న. ప్రతి జాయింటు దగ్గర మరమ్మతుల కోసం కొంత కేబుల్‌ను చుట్ట చుట్టి వదిలేస్తారు, వంతెన దగ్గర కేబుల్ పక్కకు తిరుగుతుంది, స్టేషన్ గదిలోకి వెళ్ళి మళ్ళీ బయటికి వస్తుంది. యంత్రం చెప్పే 23,400వ మీటరు పట్టాల మీద అంతకంటె వంద మీటర్లు వెనక ఉండవచ్చు. అందుకే సుత్తి పరీక్ష చేస్తారు. ఒకరు జీపీఎస్ పట్టుకొని కట్ట వెంట నడుస్తూ, కిలోమీటరు రాయి దగ్గర, కల్వర్టు దగ్గర, గేటు దగ్గర ఆగి నేల మీద పెద్ద సుత్తితో వరుసగా నాలుగైదు దెబ్బలు వేస్తారు. గదిలో తెర ముందు కూర్చున్నవారు ఏ చానెల్‌లో, అంటే పోగులోని ఏ పది మీటర్ల ముక్కలో, ఆ దెబ్బలు గీతలుగా లేచాయో చూసి, ఫోనులో సరిచూసుకొని రాసుకుంటారు. చుట్ట ఉన్న చోట ఒకే దెబ్బ వరుసగా రెండు మూడు చానెళ్ళలో ఒకేసారి కనిపిస్తుంది. దాన్ని గుర్తించి ఆ చానెళ్ళను పక్కన పెట్టాలి. పైపు గాలిలో ఉన్న చోట, ఇసుకలో వదులుగా ఉన్న చోట దెబ్బ సరిగా వినిపించదు. ఆ చెవిటి చోట్ల జాబితా లేకుండా వ్యవస్థను అప్పగిస్తే, తీసుకోవద్దని మీ అధికారులకు చెప్పండి. కేబుల్ తెగి అతికిన ప్రతిసారీ ఆ భాగంలో పరీక్ష మళ్ళీ చేయవలసిందే.

ప్రశ్న (అరకులోయ పాఠకుడు): కొత్తవలస–కిరండూల్ లైనులో వానాకాలం బండరాళ్ళు పడుతుంటాయి. ఇది పనికొస్తుందా?

సమాధానం: పట్టాల మీదో పక్కనో పెద్ద రాయి పడితే దాని దెబ్బ స్పష్టంగా వినిపిస్తుంది, రైలును ఆపే వ్యవధి దొరకవచ్చు. కొండ మీద రాయి ఊడబోతున్న సంగతి మాత్రం తెలియదు. వానలకు ముందే వదులు రాళ్ళను దించడం, వలలు బిగించడం ఆగకూడదు.

ప్రశ్న (ఖమ్మం నుంచి, తండ్రి రోజూ పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే కీమన్‌గా పనిచేస్తున్న యువకుడు): ఇవన్నీ వస్తే నాన్నగారి లాంటివారి ఉద్యోగాలు ఉంటాయా?

సమాధానం: ఉంటాయి. వదులైన క్లిప్పు, పగిలిన స్లీపరు, మూసుకుపోయిన కాలువ ఏ పోగుకూ వినిపించవు; రోజూ నడిచే మీ నాన్నగారికే కనిపిస్తాయి. ట్రాక్టరు, జేసీబీ, జోరువాన కూడా పోగును అదరగొడతాయి కాబట్టి హెచ్చరికల్లో ఉత్తవి తప్పవు. మారేదల్లా రాత్రి పెట్రోలింగ్ పద్ధతి. ఫలానా రెండు కిలోమీటర్ల మధ్య అదురు వచ్చిందని కంట్రోల్‌కు తెలిసిన వెంటనే రెండు వైపులా స్టేషన్ మాస్టర్లు రైళ్ళను ఆపుతారు లేదా నెమ్మదిగా నడపమని కాషన్ ఆర్డరు ఇస్తారు, పెట్రోల్‌మన్ సెక్షన్ మొత్తం కాకుండా నేరుగా అక్కడికే వెళ్తాడు. ఆయన చూసి చెప్పేదాకా మామూలు వేగానికి అనుమతి ఇవ్వకూడదు. ఆయనకు పనిచేసే వాకీటాకీ, మంచి టార్చి, వెంట మరో మనిషి ఉన్నారో లేదో యంత్రం కొనేవారు ముందుగా చూడాలి.