స్విచ్‌బోర్డులోంచి వచ్చే చలిగాలి గురించి

అమ్మాయీ,

మంచం పక్కన ప్లగ్ పాయింట్‌లోంచి చల్లగాలి తగులుతోందంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదన్నావు. నువ్వు చెప్పింది నిజమే. బోర్డు ఉన్న ప్రతిచోటా గోడకి ఒక కన్నం ఉన్నట్టే లెక్క. ఆ కన్నంలో డబ్బా, డబ్బాలోకి వైర్లు తెచ్చే పైపు. ఆ పైపు రెండో కొస అటక మీదో, బయటి గోడ మీదో తేలుతుంది. ఇంట్లో వెచ్చటి గాలి పైకెళ్ళి బయటపడుతుంటే, ఆ లోటు తీర్చడానికి చల్లగాలి దొరికిన సందులోంచల్లా దూరుతుంది.

ముందు ఎక్కడెక్కడ వస్తోందో చూడు. గాలి వీచే రోజు కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాన్లు ఆపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం వెయ్యి. వెలిగించిన అగరువత్తిని బోర్డు అంచుల వెంట నెమ్మదిగా తిప్పితే, సందున్న చోట పొగ పక్కకి ఒరుగుతుంది. ప్లేటు చుట్టూ గోడ మీద సన్నటి దుమ్ము చార ఉన్నా గుర్తే. కానీ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, కాలిన వాసనో, గుయ్‌మనే చప్పుడో వస్తే అది గాలి సంగతి కాదు. లోపల వైరు వదులై వేడెక్కుతూ ఉండొచ్చు. ఇక దాన్ని ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్ని పిలిపించు.

ఇప్పుడు అసలు సంగతి, కరెంటు. స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ ఆపెయ్యి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, ఎందుకంటే మెయిన్ పడిపోగానే అది పని మొదలుపెడుతుంది. మెయిన్ ఆపకముందే టెస్టర్‌ని కరెంటున్న పాయింట్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకో. ఆపాక నువ్వు విప్పబోయే పాయింట్‌లో పెట్టి చూడు. టెస్టరే పాడై వెలగకపోతే, కరెంటు లేదనుకుని వేలు పెట్టినవాళ్ళని నేను చూశాను.

ఆ తర్వాత పని తేలికే. ప్లేటు విప్పు. దాని వెనక పెట్టడానికని కట్ చేసిన ఫోమ్ గ్యాస్కెట్లు దొరుకుతాయి, మందం 2, 3 మిల్లీమీటర్లు ఉంటుంది. మంట అంటుకోని రకం అని ప్యాకెట్ మీద రాసున్నదే తీసుకో. ఫోమ్ ఎక్కడా మడత పడకుండా చూసి ప్లేటు మళ్ళీ బిగించు. స్క్రూలు ఒకదాన్నే పూర్తిగా తిప్పెయ్యకుండా అటు కాస్త, ఇటు కాస్త తిప్పు. బలంకొద్దీ తిప్పితే ప్లేటు పగులుతుంది.

ప్లేటు విప్పినప్పుడే డబ్బాకీ ప్లాస్టరింగ్‌కీ మధ్య చూడు. చాలా ఇళ్ళల్లో అసలు దొంగ అక్కడే ఉంటాడు. వేలు పట్టేంత సందులు కూడా చూశాను, ప్లేటు కప్పేస్తుంది కాబట్టి ఎవరికీ కనపడవు. ఆ సందుని అక్రిలిక్ సీలెంట్‌తో పూడ్చు, దాని మీద పెయింట్ కూడా పడుతుంది. వెనిగర్ వాసన వేసే సిలికాన్ మాత్రం వద్దు, అది రాగిని తినేస్తుంది. పైపు మూతిలోంచి గాలి వస్తుంటే గట్టిపడని డక్ట్ సీల్ పుట్టీ వైర్ల చుట్టూ ఒత్తాలి. అది నువ్వు చెయ్యొద్దు, ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు చేయించుకో.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. ఒకసారి మా ఇంట్లోనే విసుగెత్తి డబ్బా నిండా స్ప్రే ఫోమ్ కొట్టేశాను. గాలి ఆగింది, నిజమే. కొన్నాళ్ళకి ఆ స్విచ్ పాడైంది. విప్పబోతే వైర్లన్నీ ఫోమ్‌లో బిగుసుకుపోయి ఉన్నాయి. సాయంత్రం దాకా కూర్చుని, ఏ వైరు తెగుతుందో అన్న టెన్షన్‌తో పుల్లతో ముక్కముక్కగా గీకి తీశాను. అంతకంటే పెద్ద ముప్పు, వైర్ల వేడి బయటికి పోదు, మామూలు ఫోమ్‌కి నిప్పు కూడా అంటుకుంటుంది. అందుకే దూది, కాగితం, ఫోమ్, ఏదీ డబ్బా లోపల కుక్కొద్దు. గాలిని ప్లేటు వెనకా, డబ్బా అంచునా ఆపాలి.

వాడని సాకెట్లకి పిల్లల కోసం అమ్మే ప్లాస్టిక్ మూతలు పెట్టు, కన్నాల్లోంచి వచ్చేది కొంత తగ్గుతుంది.

ఇదంతా చేస్తే గది ఒక్కసారిగా వెచ్చబడిపోతుందనుకోకు. తలుపు కింది సందులోంచి వచ్చే గాలి ముందు ఇదెంత! కానీ మంచం పక్కన మెడకి తగిలేది మాత్రం ఆగుతుంది. ముందు బయటి గోడల బోర్డులు చెయ్యి, లోపలి గోడలవి తర్వాత చూద్దాం.

ఆ మంచం పక్క ప్లేటు విప్పగానే, లోపల ఏదీ కదపకముందే, ఒక ఫోటో తీసి పంపు. చూసి చెప్తాను.

మీ మామయ్య